పద్దెనిమిది బైట్ల పేరు

సీ భాషకు అక్షరమంటే ఏమిటో తెలియదు. 'క్యార్' అన్న రకం పేరు చూసి అందులో అక్షరాలుంటాయని కొత్తవారు అనుకోవడం సహజమే గానీ, అందులో ఉండేది ఒక చిన్న పూర్ణాంకం. నేటి యంత్రాల్లో దాదాపు ఎక్కడైనా అది 8 బిట్లది. ప్రోగ్రాంలో రోమన్ పెద్ద 'ఎ' రాస్తే కంపైలర్ దాని చోట 65 పెడుతుంది. దాన్ని సంఖ్యగా అచ్చువేయమంటే తెర మీద 65 వస్తుంది, అక్షరంగా వేయమంటే 'ఎ' వస్తుంది. తేడా అంతా అచ్చువేసే ఫంక్షనైన ప్రింట్‌ఎఫ్‌కు శాతం గుర్తు పక్కన 'డి' ఇచ్చామా, 'సి' ఇచ్చామా అన్నదానిలోనే ఉంది. మెమరీలో ఉన్నది మాత్రం రెండుసార్లూ అదే 65. తెర మీద అనుకోని రాత చూసి విద్యార్థి బిత్తరపోయే సందర్భాల్లో చాలా వాటికి మూలం ఇక్కడే ఉంది. లోపల సంఖ్యలుంటాయి, బయట అక్షరాలు కనబడతాయి, మధ్యలో ఎవరో ఒకరు వాటిని మారుస్తుంటారు.

ఆంగ్లంలో రాసినంతకాలం ఆ మార్పు కంటికి ఆనదు. 1960ల్లో స్థిరపడిన ఆస్కీ ప్రమాణం 0 నుంచి 127 వరకు 128 సంఖ్యలకు అర్థాలు ఖాయం చేసింది. డెనిస్ రిచీ బెల్ ల్యాబ్స్‌లో 1972 ప్రాంతంలో సీ భాషకు రూపమిచ్చేనాటికి అమెరికన్ యంత్రాల్లో ఆ పట్టిక బాగా నాటుకుపోయింది. 1978లో కెర్నిగన్, రిచీ సీ భాష మీద రాసిన పుస్తకంలోని మొదటి ప్రోగ్రాం లోకానికి నమస్కారం పెట్టేది కూడా ఈ 128లోపు సంఖ్యలతోనే. అందుకే ఆంగ్లం మాత్రమే వాడే విద్యార్థికి తెర మీద చెత్త కనబడితే అది సాధారణంగా ఒకే తప్పు: చివరి సున్నా మరిచిపోవడం. సీలో స్ట్రింగ్‌కు పొడవు ఎక్కడా రాసి ఉండదు. సున్నా విలువగల బైట్ ఎదురయ్యేదాకా చదువుకుంటూ పోవడమే పద్ధతి. ఐదక్షరాల మాటను సరిగ్గా ఐదు బైట్ల శ్రేణిలో పెడితే సున్నాకు చోటుండదు. సీ కంపైలర్ దాన్ని తప్పనదు కూడా. అచ్చువేసేటప్పుడు ప్రింట్‌ఎఫ్ ఆ ఐదూ దాటి పక్క మెమరీలోకి వెళ్ళిపోతుంది. అక్కడ ఏముంటే అదే తెర మీద పడుతుంది. ఒక యంత్రంలో అదృష్టవశాత్తు అక్కడ సున్నా ఉండి అంతా సవ్యంగా కనబడవచ్చు. ఇంట్లో నడిచిన ప్రోగ్రాం కాలేజీ ల్యాబ్‌లో పిచ్చిరాతలు కక్కిందంటే మొదట అనుమానించాల్సింది దీన్నే.

ఆంగ్లం దాటి అడుగు పెట్టగానే కథ మారుతుంది. ఎంతగా మారుతుందో చూడడానికి యాంగోన్ కన్నా తగిన నగరం మరొకటి దొరకడం కష్టం. తెలుగువారు తరతరాలుగా రంగూన్ అని పిలిచిన ఆ ఊళ్ళో కంప్యూటర్ విద్య కొత్తదేమీ కాదు. 1970ల తొలినాళ్ళలోనే అక్కడ విశ్వవిద్యాలయాల కంప్యూటర్ కేంద్రం ఏర్పడి, బ్రిటన్ నుంచి ఐసీఎల్ 1900 తరగతి యంత్రం వచ్చింది. ఆ యంత్రాల్లో ఒక్కో అక్షరానికి 6 బిట్లు, అంటే మొత్తం 64 గుర్తులే. రోమన్ పెద్ద బడి, అంకెలు, విరామ చిహ్నాలు పెట్టేసరికి చోటు నిండిపోయేది. అక్కడి బర్మీస్ లిపిలో హల్లులే 33. అచ్చులు, స్వర చిహ్నాలు, వత్తులు, స్థాయి గుర్తులు అదనం. స్థానిక లిపిని ఆ యంత్రంలో రాయాలన్న ఊహకే తావులేదు. 'అక్షరం అంటే చిన్న సంఖ్య' అన్న భావం సీకి ముందునుంచే ఉందనడానికి ఇది చాలు.

ఇప్పుడు యాంగోన్‌లో సీ నేర్చుకునే విద్యార్థి తన దేశం పేరును తన లిపిలో రాసి ప్రింట్‌ఎఫ్‌కు ఇస్తే జరిగేది ఇది. 'మయన్మార్'ను బర్మీస్‌లో రాయడానికి ఆరు యూనికోడ్ గుర్తులు కావాలి: మ, దానికి చేరే ర-వత్తు, న, పొల్లు, మళ్ళీ మ, దీర్ఘం. అన్ని భాషల లిపులకూ సంఖ్యలిచ్చే యూనికోడ్ పట్టికలో బర్మీస్ లిపికి 4096 నుంచి 4255 వరకు 160 స్థానాలు ఇచ్చారు. ఆ ప్రకారం ఈ ఆరింటి సంఖ్యలు 4121, 4156, 4116, 4154, 4121, 4140. వీటిలో ఏదీ 8 బిట్లలో పట్టదు. అందుకని యూటీఎఫ్-8 అనే పద్ధతిలో ఒక్కో సంఖ్యను మూడేసి బైట్లుగా విడగొడతారు. మ అంటే 225, 128, 153. ర-వత్తు అంటే 225, 128, 188. ఆరు గుర్తులకు 18 బైట్లు. స్ట్రింగ్ పొడవు చెప్పే స్టర్‌లెన్ 18 అనే చెబుతుంది. తెర మీద చూస్తే రెండక్షరాల మాట. 'తెలుగు' అన్న మాట సంగతీ అంతే. మూడక్షరాలు, ఆరు గుర్తులు (త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము), 18 బైట్లు. 'రంగూన్' కూడా 18.

యూటీఎఫ్-8 పుట్టుక ఈ కథకు దూరపు సంగతి కాదు. 1992 సెప్టెంబరులో న్యూజెర్సీలోని ఒక భోజనశాలలో కెన్ థామ్సన్, రాబ్ పైక్‌తో కలిసి కూర్చుని, కంచం కింద పరిచే కాగితం మీద దాని రూపురేఖలు గీశాడు. సీకి ముందున్న బి భాషను తయారుచేసింది ఈ థామ్సనే. సీ స్వభావం ఎరిగినవాడు కాబట్టి రెండు జాగ్రత్తలు తీసుకున్నాడు. పాత ఆస్కీ రాత చెక్కుచెదరకూడదు. ఏ భాష అక్షరంలోనూ సున్నా బైట్ రాకూడదు. రెండోది లేకపోతే ప్రతి సీ ప్రోగ్రామూ బర్మీస్ మాట మధ్యలో ఆగిపోయేది. ఫలితంగా ప్రింట్‌ఎఫ్‌కు బర్మీస్ గురించి ఏమీ తెలియకపోయినా 18 బైట్లనూ వరసగా బయటికి పంపేస్తుంది. 0 నుంచి 127 వరకు పాత ఆస్కీ, 128 నుంచి 191 వరకు కొనసాగింపు బైట్లు, 224 నుంచి 239 వరకు మూడు బైట్ల గుర్తుకు తొలి బైట్లు. ఈ మూడు హద్దులు గుర్తుంటే ఏ బైట్ వరస చూసినా గుర్తు ఎక్కడ మొదలైందో చెప్పవచ్చు. కొనసాగింపు బైట్లను వదిలేసి మిగతావి లెక్కపెడితే 18 కాస్తా 6 అవుతుంది.

తెలియకుండా పంపేయడం వల్ల పని జరుగుతుంది. తెలియకుండా చేయి పెడితేనే చిక్కు. పాఠ్యపుస్తకాల్లోని అభ్యాసాలన్నీ చేయి పెట్టేవే. స్ట్రింగ్‌లో ఒక్కో అక్షరాన్నీ ఖాళీ విడిచి అచ్చువేయమన్న అభ్యాసాన్నే తీసుకుంటే, ఆంగ్లంలో ముచ్చటగా వచ్చే ఫలితం బర్మీస్‌లో 18 ప్రశ్నార్థకాల వరుసగా మారుతుంది. 225 వెంట 128 రావాల్సిన చోట ఖాళీ వచ్చింది కాబట్టి టెర్మినల్ ప్రతి బైట్‌నూ పనికిరానిదిగా తీసేసి నల్ల వజ్రంలో ప్రశ్నార్థకం వేస్తుంది. స్ట్రింగ్‌ను తిరగేయమన్న అభ్యాసం మరీ దారుణం. 225, 128, 153 కాస్తా 153, 128, 225 అవుతుంది. కొనసాగింపు బైట్‌తో ఏ గుర్తూ మొదలు కాదు.

లోపం వెతకడానికి ఆ బైట్లనే సంఖ్యలుగా అచ్చువేయడం మంచి అలవాటు. తీరా వేస్తే అక్కడ కొత్త చిక్కు ఎదురవుతుంది. 225 రావాల్సిన చోట మైనస్ 31 కనబడుతుంది. క్యార్‌కు ధన రుణ గుర్తు ఉండాలా వద్దా అన్నది సీ ప్రమాణం తేల్చలేదు, కంపైలర్లకే వదిలేసింది. ఇంటెల్ యంత్రాల మీద సాధారణంగా మైనస్ 128 నుంచి 127 వరకు లెక్క. లినక్స్, ఆండ్రాయిడ్ నడిచే ఏఆర్‌ఎం యంత్రాల మీద 0 నుంచి 255. అదే ప్రోగ్రాం ల్యాప్‌టాప్‌లో మైనస్ 31 అనీ, ఫోన్‌లో 225 అనీ చెబుతుంది. షోడశాంశ మానంలో వేస్తే ఇంటెల్ మీద అసలు విలువకు ముందు ఆరు 'ఎఫ్'లు వచ్చి చేరతాయి. ఎనిమిది బిట్ల రుణసంఖ్యను ముప్పైరెండు బిట్లకు సాగదీసిన ఆనవాలు అది. అక్షరాల తరచుదనాన్ని లెక్కపెట్టే ప్రోగ్రాంలో ఈ మైనస్ 31ను శ్రేణి సూచికగా వాడితే శ్రేణికి ముందున్న మెమరీ పాడవుతుంది. 'అన్‌సైన్డ్ క్యార్' అని ప్రకటిస్తే ఈ బెడద పోతుంది. బైట్లతో పనిచేసే ఎవరైనా ఆ మాట రాయడం అలవాటు చేసుకోవాలి.

కత్తిరింపులో మరింత సూక్ష్మమైన తప్పు దాగి ఉంటుంది. 17 బైట్ల బఫర్‌లోకి దేశం పేరును ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్‌తో రాస్తే చివరి సున్నాకు ఒకటి పోగా 16 మిగులుతాయి. ఐదు గుర్తులు, ఆ తర్వాత ఒంటరి 225. చివర వజ్రం గుర్తు కనబడుతుంది, తప్పు దొరుకుతుంది. బఫర్ 16 బైట్లదైతే సరిగ్గా ఐదు గుర్తులు పడతాయి. వజ్రం రాదు, కంపైలర్ కిమ్మనదు, ఏ తనిఖీ చేసినా యూటీఎఫ్-8 సవ్యంగా ఉందనే తేలుతుంది. కానీ చివరి దీర్ఘం పోయింది. తెలుగులో 'రంగూన్'ను అదే కొలతకు కత్తిరిస్తే పొల్లు పోయి 'రంగూన' మిగులుతుంది. యంత్రం దృష్టిలో అది నిక్షేపమైన రాత. చదివేవారికి మాత్రం అది వేరే మాట. బ్యాంకు సందేశాల్లో, రైలు టికెట్లలో భారతీయ భాషల పేర్లు చివర మొండిగా కనబడితే కారణం ఇలాంటి కొలతే కావచ్చు.

పట్టికలు వంకరపోవడానికీ ఇదే మూలం. వెడల్పు 20 ఉంచమని ప్రింట్‌ఎఫ్‌కు చెబితే అది బైట్లనే లెక్కపెట్టి, 18 బైట్ల బర్మీస్ మాట పక్కన రెండే ఖాళీలు పెడుతుంది. పై వరుసలో ఆరక్షరాల ఆంగ్ల పేరు పక్కన పద్నాలుగు పెడుతుంది. తర్వాతి నిలువు వరుస ఎక్కడికో పోతుంది. ఇన్‌పుట్ వైపు తంటా మరో రకం. స్కాన్‌ఎఫ్ ఒక్కో మాటనూ ఖాళీని బట్టి విడదీస్తుంది. బర్మీస్‌లో మాటల మధ్య ఖాళీ విడవరు, పదబంధాల మధ్య మాత్రమే, అదీ రాసేవారి ఇష్టం. కెర్నిగన్, రిచీల పుస్తకంలో మాటలు లెక్కపెట్టే చిన్న ప్రోగ్రాం ఒకటుంది. దానికి బర్మీస్ వ్యాసం ఇస్తే పేరా అంతా కలిపి నాలుగైదు మాటలే ఉన్నాయంటుంది.

అంకెలదీ ఒక ముచ్చట. బర్మీస్‌కు సొంత అంకెలున్నాయి. యాంగోన్‌లో బస్సుల నంబర్లు, వాహనాల ప్లేట్లు చాలాకాలం వాటితోనే ఉండేవి. ఆ అంకెల్లో టైపు చేసిన వయసును సంఖ్యగా మార్చమని ఏటూఐకి ఇస్తే సున్నా తిరిగి వస్తుంది. దానికి 48 నుంచి 57 మధ్య ఉన్న ఆస్కీ అంకెలే అంకెలు. పోనీ బర్మీస్ అంకెలను గుర్తించే కోడ్ రాశారనుకున్నా, అక్కడ సున్నా గుండ్రంగా ఉంటుంది, వ అక్షరమూ గుండ్రంగానే ఉంటుంది. పట్టికలో సున్నా 4160, వ 4125. టైపు చేసేవారు కంటికి ఒకేలా ఉన్నాయని ఒకదాని బదులు మరొకటి నొక్కేస్తుంటారు. ఏడు అంకెకూ ర అక్షరానికీ ఇదే పోలిక. అనుస్వారం బదులు తెలుగు సున్నా అంకెను కొట్టేసి, తర్వాత వెతుకులాటలో ఆ మాట దొరకక తల పట్టుకున్న తెలుగు టైపిస్టులకు ఈ బాధ అర్థమవుతుంది.

ఇంతవరకు తప్పులన్నీ ప్రోగ్రాంలోనివి. ప్రోగ్రాం మచ్చలేకుండా 18 బైట్లనూ పంపినా, అందుకునే టెర్మినల్ వాటిని వేరే పట్టికతో చదవవచ్చు. ఆంగ్ల విండోస్ కమాండ్ కిటికీ చాలాకాలం 437వ నంబరు కోడ్ పేజీని పట్టుకుని కూర్చుంది. అందులో 128 పైబడిన ప్రతి బైటూ ఒక పూర్తి గుర్తు. కొన్ని యూరప్ అక్షరాలు, కొన్ని గ్రీకు అక్షరాలు, కొన్ని పెట్టెలు గీసుకునే గీతలు. బర్మీస్ మాట అక్కడ జర్మన్, ఫ్రెంచి అక్షరాల కలగాపులగంగా వస్తుంది. తెలుగు మాటైతే ప్రతి గుర్తూ గ్రీకు ఆల్ఫాతో మొదలై, వెంట మసక చుక్కల గడి వస్తుంది. అదే ఫైలును 1252వ కోడ్ పేజీతో తెరిస్తే బర్మీస్ మ కాస్తా గీత పెట్టిన రోమన్ ఎ, యూరో గుర్తు, ట్రేడ్‌మార్క్ గుర్తు. తెలుగు త అయితే గీత పెట్టిన ఎ, డిగ్రీ గుర్తు, కరెన్సీ గుర్తు. చెత్తలో కూడా ఒక క్రమం ఉంది. బర్మీస్ ప్రధానాక్షరాలన్నిటికీ రెండో బైట్ 128 కనుక యూరో గుర్తు పదేపదే వస్తుంది. తెలుగుకు రెండో బైట్ 176 గానీ 177 గానీ కనుక డిగ్రీ గుర్తో, ప్లస్-మైనస్ గుర్తో మారిమారి వస్తాయి. అనుభవమున్నవారు ఆ పిచ్చిరాత చూసే అది ఏ భాషదో చెప్పేస్తారు. మందు కూడా సులువే. కమాండ్ కిటికీకి 65001వ పేజీ, అంటే యూటీఎఫ్-8 వాడమని చెప్పాలి. ఎడిటర్ ఫైలును యూటీఎఫ్-8లోనే భద్రపరిచిందా అన్నది కూడా ఒకసారి చూసుకోవాలి.

టెర్మినల్ కూడా సరిగానే చదివిందనుకుందాం. ఆరు గుర్తులను రెండక్షరాలుగా కూర్చే పని ఇంకా మిగిలి ఉంది. ర-వత్తు మ తర్వాత నిల్వ అయినా, కాగితం మీద అది మ ను ఎడమ నుంచి చుట్టుకుంటూ మొదలవుతుంది. బర్మీస్ ఎత్వమూ అంతే. మెమరీలో హల్లు తర్వాత ఉంటుంది, తెర మీద హల్లుకు ముందు కూర్చుంటుంది. తెలుగు గుణింతాల్లో ఇలా ముందుకు దూకే చిహ్నం లేదు గానీ, వత్తుల కూర్పు తక్కువ తలనొప్పి కాదు. 2018 ఫిబ్రవరిలో జ్ఞ, కనబడని విడదీత గుర్తు, దీర్ఘం వరసగా వచ్చిన సందేశం అందుకున్న ఐఫోన్లలో ఆప్‌లు కుప్పకూలిపోయాయి. వారం తిరిగేలోగా ఆపిల్ ఐఓఎస్ 11.2.6 సవరణ విడుదల చేయాల్సి వచ్చింది. జ్ఞానంలోని తొలి అక్షరాన్ని కూర్చలేక ఫోన్లు చతికిలపడ్డాయని అప్పట్లో తెలుగువారు నవ్వుకున్నారు. కూర్చడమనే ఆ పని అంత తేలిక కాదన్నదే అసలు సంగతి. ప్రతి గడీ ఒకే వెడల్పు ఉండే టెర్మినల్ కిటికీలో అది మరీ కష్టం. బర్మీస్, తెలుగు రెండూ అక్కడ చెదిరినట్టే కనబడడం మామూలు. ఫైలును బ్రౌజర్‌లో తెరిచి చూస్తే అది కూర్పు లోపమో, బైట్ల లోపమో తేలిపోతుంది.

కనీసం ప్రపంచంలో చాలాచోట్ల తేలిపోతుంది. యాంగోన్‌లో మాత్రం దాదాపు పుష్కరకాలం ఆ పరీక్ష కూడా పనిచేయలేదు. అక్కడ ఒకే సంఖ్యలకు రెండు అర్థాలుండేవి.

బర్మీస్ లిపి 1999లో యూనికోడ్ 3.0తో పట్టికలోకి వచ్చింది. కానీ వత్తులకూ పొల్లుకూ వేర్వేరు స్థానాలిచ్చే ఇప్పటి పద్ధతి 2008 ఏప్రిల్‌లో 5.1తోనే స్థిరపడింది. ఆనాటి విండోస్ ఎక్స్‌పీ యంత్రాలకు బర్మీస్‌ను కూర్చే నేర్పు లేదు. ఆ ఖాళీలోకి జోజీ అనే ఫాంటు వచ్చింది. బర్మా జానపద కథల్లోని రసవాద మాంత్రికుడి పేరది. దాని కిటుకు సులువు. కూర్చే పనిని కంప్యూటర్‌కు వదలకుండా, ప్రతి ఆకారానికీ ఒక సంఖ్య ఇచ్చేసి, కంటికి కనబడే వరసలోనే టైపు చేయించడం. ర-వత్తుకు వెడల్పు హల్లు కోసం ఒకటి, సన్న హల్లు కోసం ఒకటి, పైన గుర్తు ఉంటే ఒకటి, కింద ఉంటే ఒకటి, ఇలా ఏడెనిమిది సంఖ్యలు. ఫాంటు ఒక్కటి వేసుకుంటే చాలు, ఏ యంత్రంలోనైనా బర్మీస్ కనబడేది. ప్రమాణం కాగితం మీద ఉన్న రోజుల్లో జనం పని జరిగే దారి పట్టారు. వారిని తప్పుపట్టడం న్యాయం కాదు.

చిక్కంతా ఆ సంఖ్యలు ఎక్కడివన్న దగ్గర ఉంది. యూనికోడ్‌కు ముందు తెలుగు దినపత్రికలు కూడా తలా ఒక ఫాంటు తయారుచేసుకున్నాయి. డీటీపీ దుకాణాల్లో అను ఫాంట్లు నేటికీ నడుస్తున్నాయి. కానీ వాటిలో తెలుగు ఆకారాలు రోమన్ అక్షరాల స్థానాల్లో కూర్చున్నాయి. ఫాంటు లేకపోతే రోమన్ పిచ్చిరాత కనబడుతుంది, ఇది మార్చాల్సిన ఫైలని ఎవరికైనా అర్థమవుతుంది. జోజీ ఆకారాలు బర్మీస్‌కే కేటాయించిన 4096 నుంచి మొదలయ్యే స్థానాల్లోనే, కొన్ని వేరే అర్థాలతో, కూర్చున్నాయి. కాబట్టి ఏ ప్రోగ్రాం అడిగినా ఇది బర్మీస్ అనే జవాబు వస్తుంది. ఏ బర్మీస్ అన్నది మాత్రం ఫైలులో ఎక్కడా రాసి ఉండదు.

దేశం పేరునే మళ్ళీ చూస్తే, జోజీలో అది 4155, 4121, 4116, 4153, 4121, 4140. ఇక్కడా ఆరు గుర్తులు, 18 బైట్లు. స్టర్‌లెన్‌కు తేడా లేదు. యూనికోడ్ ఫాంటు ఉన్న ఫోన్‌లో యూనికోడ్ మాటా, జోజీ ఫాంటు ఉన్న ఫోన్‌లో జోజీ మాటా అచ్చు గుద్దినట్టు ఒకేలా కనబడతాయి. రెంటినీ స్టర్‌కంప్‌తో పోల్చితే వేరంటుంది, ఎందుకంటే మూడో బైటే ఒకదానిలో 153, మరోదానిలో 187. ఇక ఒకదాని ఫాంటుతో మరొకటి చదివితే వింత మొదలవుతుంది. 4156 యూనికోడ్‌కు ర-వత్తు, జోజీకి వ-వత్తు. 4154 యూనికోడ్‌కు పొల్లు, జోజీకి య-వత్తు. కనుక సవ్యమైన యూనికోడ్ 'మయన్మార్' జోజీ ఫోన్‌లో సుమారుగా 'మ్వన్యమా' అనిపించేలా కనబడుతుంది. ఎదురుదిశలో జోజీ మాటను యూనికోడ్ ఫాంటు చదివితే మొదట్లో ఏ హల్లుకూ అంటని య-వత్తు చుక్కల వలయం మీద వేలాడుతుంది. 4153 అక్కడ రెండు హల్లులను పేర్చే గుర్తు కాబట్టి న కింద మ వత్తుగా దిగి, తర్వాత 'మన్మా' అని వస్తుంది. బైట్లు చెడలేదు, టెర్మినల్ తప్పలేదు, వజ్రాలు లేవు, పెట్టెలు లేవు. సీ విద్యార్థి తన ప్రోగ్రాంలో ఎంత వెతికినా ఈ తప్పు దొరకదు.

2014లో ఊరిడూ, టెలినార్ సంస్థలు యాంగోన్‌లో 1500 చాట్‌లకే (చాట్ అక్కడి కరెన్సీ) సిమ్ కార్డు అమ్మడం మొదలుపెట్టాక దేశంలో అత్యధికులు తొలిసారి ఇంటర్నెట్ చూసింది ఫోన్‌లోనే. ఆ ఫోన్లలో చాలా వాటికి జోజీ ముందే ఎక్కించి ఉండేది. దాంతో ఒకప్పుడు తాత్కాలికంగా పెట్టుకున్న ఏర్పాటు కోట్లమంది రాతగా స్థిరపడింది. నష్టం బర్మీస్‌తో ఆగలేదు. జోజీ తన అదనపు ఆకారాల కోసం ఆక్రమించిన స్థానాలు యూనికోడ్‌లో షాన్, మోన్, కరెన్ భాషల అక్షరాలవి. జోజీ ఫోన్‌లో ఆ భాషలు రాయడం, చదవడం సాధ్యమయ్యేది కాదు. అదే ఫోన్‌లో తెలుగు మాత్రం ఏ ఇబ్బందీ లేకుండా కనబడేది, దాని స్థానాలు 3072 నుంచి 3199 వరకు కనుక. పరాయి లిపికి లేని బాధ ఇంటి లిపులకు పట్టింది.

2019 అక్టోబరు 1ని యూనికోడ్‌కు మారే రోజుగా మయన్మార్ ప్రభుత్వం ప్రకటించింది. ఫేస్‌బుక్ అప్పటికే రాతను చూసి, చదివేవారి ఫోన్‌లో ఏ ఫాంటు ఉందో కనిపెట్టి, అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు మార్చే ఏర్పాటు చేసుకుంది. కొత్త ఫోన్లు యూనికోడ్‌తోనే వస్తున్నాయి. పాత డేటాబేసులు, ఆస్పత్రి రికార్డులు, విద్యార్థుల జాబితాలు మాత్రం రెండు రకాలూ కలిసే ఉన్నాయి. వాటి మీద ప్రోగ్రాం రాసేవారు ముందుగా ఏ స్ట్రింగ్ ఏ రకమో తేల్చుకోవాలి.

కొన్నిచోట్ల నియమాలతో తేల్చవచ్చు. మాట 4155తో మొదలైతే అది జోజీయే, యూనికోడ్‌లో వత్తు మాట మొదట రాదు. ఎత్వం ముందుండి హల్లు వెనకుంటే అదీ జోజీ లక్షణమే. నియమాల జాబితా పెరిగేకొద్దీ మినహాయింపులూ పెరుగుతాయి, టైపు తప్పులు వాటిని ఇంకా చిక్కుచేస్తాయి. 2018లో గూగుల్ స్వేచ్ఛగా వాడుకునేందుకు విడుదల చేసిన మయన్మార్ టూల్స్ వేరే దారి పట్టింది. ఏ గుర్తు తర్వాత ఏది ఎంత తరచుగా వస్తుందో రెండు రకాల రాతల నుంచీ నేర్చుకుని, మార్కోవ్ శృంఖలతో లెక్కవేసి, ఇచ్చిన స్ట్రింగ్ జోజీ అయ్యే సంభావ్యతను 0 నుంచి 1 మధ్య సంఖ్యగా చెబుతుంది. సీ++ నుంచి కూడా దాన్ని పిలవవచ్చు. వాక్యం పొడుగ్గా ఉంటే జవాబు ఏదో ఒక కొసకు చేరువగా వస్తుంది. రెండుమూడు గుర్తుల మాటైతే మధ్యలో ఊగిసలాడవచ్చు. వత్తూ పొల్లూ ఎత్వమూ లేని ఎన్నో చిన్న మాటలకు రెండు పద్ధతుల్లోనూ బైట్లు ఒకటే, వాటిని మార్చాల్సిన పనే లేదు.

స్ట్రింగ్‌లో బర్మీస్ గుర్తు ఒక్కటీ లేకపోతే ఆ పరికరం సంభావ్యతకు బదులు రుణ అనంతాన్ని తిరిగి ఇస్తుంది. 'తెలుగు' అన్న 18 బైట్లను దానికిచ్చి, వచ్చిన విలువను ప్రింట్‌ఎఫ్‌తో అచ్చువేస్తే తెర మీద సంఖ్య కనబడదు. ఒక మైనస్ గుర్తు, దాని పక్కన అనంతం అన్న మాటకు సీ వాడే మూడు రోమన్ అక్షరాలు కనబడతాయి. ఈసారి అది చెత్త కాదు, ప్రమాణం చెప్పిన రాతే.